మూడో అంతస్తు ఉపదేశి

మనసులో ప్రార్థన చేసుకోవడం ముప్పై ఆరేళ్లు వచ్చినా నాకు రాలేదు. ఎవరూ నేర్పలేదు. జహీరాబాద్ చుట్టుపక్కల మా సంఘాల్లో ప్రార్థన అంటే నోరు తెరిచి చేసేదే. అమ్మ పొయ్యి ముందు కూర్చుని పైకే చేసేది. నాన్న ఎడ్లను విప్పుతూ పైకే చేసేవాడు. ఆదివారం చాపల మీద కూర్చున్న నలభై మంది ఒక్కసారే ఎవరి ప్రార్థన వాళ్లు ఎత్తుకుంటే పక్కవాడి మాట మనకు అందేది కాదు. దేవునికి మాత్రం అన్నీ విడివిడిగా వినపడతాయని మాకు నమ్మకం. నాకు ఇప్పటికీ ఆ నమ్మకమే. పెదవులు మూసుకుని కూర్చున్నవాడు కనపడితే మా సంఘపెద్ద ఒకాయన, "ఏందిరా, దేవునితోని అలిగినవా?" అనేవాడు.

డెబ్బైల్లో నేను ఉపదేశిగా ఉన్నాను. అయ్యగారు, అంటే పాస్టరు, నెలకొకసారి వచ్చి సంస్కారాలు ఇచ్చి వెళ్తే, మిగిలిన వారాల్లో సంఘాన్ని కాపాడుకునేవాడు ఉపదేశి. జనం మమ్మల్ని పంతులు అనేవాళ్లు. కోహీర్ దిక్కు నాలుగు ఊళ్లు నాకు అప్పగించారు. సైకిల్ మీద తిరిగేవాణ్ణి. తెల్లవారుతుండగా వాడలో ఈ కొస నుంచి ఆ కొస దాకా పాట పాడుకుంటూ నడవడం ఉపదేశి మొదటి పని. అల్లం చేలకు, చెరకు కోతకు పోయే ఆడవాళ్లు ఆ పాటకే లేచి పొయ్యి ముట్టించేవాళ్లు. పాట సన్నగా ఉంటే చివరి ఇంటికి చేరదు. అందుకని గొంతు కడుపులో నుంచి తీయమని నేర్పారు. నాకు వాక్యం కొంచెం ఆలస్యంగా పట్టుబడింది గాని గొంతు ముందే పట్టుబడింది.

నా భార్య జహీరాబాద్‌లో ఒక దవాఖానలో నర్సు. ఎనభైల మొదట్లో గల్ఫ్ నుంచి నర్సులను ఎంపిక చేసుకోవడానికి వచ్చినవాళ్లు ఆమెను తీసుకున్నారు. ఏడాది ఒంటరిగా పనిచేసి, తరువాత నాకూ ఆరేళ్ల మా బిడ్డకూ వీసాలు పంపింది. ఆ నగరం పేరు ఇక్కడ రాయను. మా వాళ్లు ఇప్పటికీ అక్కడ పనిచేసుకుంటున్నారు. సముద్రం ఒడ్డున ఉండే ఊరు, ఇసుక రంగు మేడలు, మా విశ్వాసానికి బహిరంగంగా ఆరాధన చేసుకునే చోటు లేని ఊరు అంటే చాలు.

బొంబాయి బస్సు జహీరాబాద్‌లో ఎక్కాం. సాగనంపడానికి నాలుగు ఊళ్ల నుంచీ మనుషులు వచ్చారు. రోడ్డు పక్కనే నిలబడి అందరూ ఒక్కసారిగా ప్రార్థన ఎత్తుకుంటే బస్సు డ్రైవరు ఇంజను ఆపి మరీ కూర్చున్నాడు. చిరాగ్‌పల్లి దాటేదాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. రెండేళ్ల ఒప్పందం, అందులో ఒకటి అయిపోయింది, ఇంకొకటే అని లెక్క చెప్పి నన్ను ఒప్పించింది నా భార్య. కాని నేను వెళ్లేసరికే ఆమె ఆ ఒప్పందం చించి రెండేళ్లకు కొత్తది రాసి ఇచ్చిందని అక్కడికి పోయాక తెలిసింది. కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే అదే షరతట.

మా ఇల్లు దవాఖాన వాళ్ల మేడలో మూడో అంతస్తు. రెండు గదులు. కిటికీలు ఉన్నాయి గాని ఏసీ కోసం ఎప్పుడూ మూసే ఉంచాలి. పాస్‌పోర్టులు మూడూ దవాఖాన ఆఫీసు బీరువాలో. పొద్దున ఆరింటికి నర్సుల బస్సు వచ్చి ఆమెను తీసుకుపోయేది. ఏడింటికి బడి బస్సు బిడ్డను తీసుకుపోయేది. మూడు దాకా నేను ఒక్కణ్ణే. అక్కడ పని చేయడానికి నాకు అనుమతి లేదు. నా కాగితంలో నేను ఆమె మీద ఆధారపడినవాణ్ణి, అంతే. బయట నడుద్దామంటే ఎండ, భాష రాదు, ఎవరైనా ఆపి అడిగితే చూపించే కాగితం ఆమె సంచీలో. ఊరి నుంచి తెచ్చిన జొన్నపిండి నెలకే అయిపోయింది. గోధుమపిండితో రొట్టెలు చేయడం నేర్చుకున్నాను. అవి ఎప్పుడూ గుండ్రంగా రాలేదు.

వెళ్లిన మూడో రోజు తెల్లవారుతుండగా అలవాటు చొప్పున లేచాను. నడవడానికి వాడ లేదు. ఏసీ ఆపి, కిటికీ తీసి అక్కడే నిలబడి పాడాను. ఎదుటి మేడ గోడకు తగిలి పాట నా మీదికే తిరిగి వచ్చింది. అలా పది రోజులు పాడాను. నా భార్య వంటింట్లో గిన్నెలు సర్దుకునేది. బస్సు కోసం రోజూ కొంచెం ముందే మెట్లు దిగేది, అంతే.

పదకొండో రోజు సాయంత్రం కింది అంతస్తు అతను తలుపు తట్టాడు. అతనిది కోహీర్. దవాఖానలో ఏసీలు బాగుచేసే మెకానిక్కు. మొదటి రోజు నా మాట తీరు విని, "మన దిక్కోళ్లేనా" అని మా పెట్టెలు పైకి మోసినవాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప దగ్గరే నిలబడి చెప్పాడు.

"పంతులు సాబ్, ఏమనుకోకున్రి. ఆఫీసుల ఎవరో కంప్లైంట్ ఇచ్చిన్రంట. మీ పాట గురించి. ఇంకోసారి వినబడ్తే ముగ్గురిని ఎన్కకు పంపుతరంట."

"ఎవరు ఇచ్చిన్రు?"

"నాకు తెల్వదు సాబ్. జర ఆవాజ్ తక్కువ చేసుకోన్రి. సిస్టరమ్మ నౌకరి సవాల్ ఇది."

నా భార్య నా వెనకే నిలబడి విన్నది. అతను మెట్లు దిగిపోయాక, "ఇన్నవు కద," అని మాత్రం అని వంటింట్లోకి పోయింది.

ఆ రోజు నుంచి నా నోరు మూతపడింది. బైబిల్లో చెరలోకి పోయిన జనాన్ని గురించి ఊళ్లలో ఎన్నోసార్లు చెప్పాను. పరాయి నేల మీద వాళ్లకు పాట రాలేదని చెప్పి అందరికీ కళ్ల నీళ్లు తెప్పించేవాణ్ణి. ఆ జనాన్ని పట్టుకుపోయింది శత్రువు. నన్ను తెచ్చింది నా ఇల్లాలు, విమానం టికెట్టు పెట్టి. ఎవరి మీద మొరపెట్టుకోవాలో తెలిసేది కాదు.

మనసులో ప్రార్థన చేయడానికి శక్తికొలది ప్రయత్నించాను. పెదవులు మూసి మొదలుపెడితే మూడో మాటకే మనసు ఉల్లిగడ్డల మీదికి పోయేది. స్నానాలగదిలో కొళాయి విప్పి, ఆ చప్పుడు చాటున గొణిగేవాణ్ణి. నీళ్లు వృథా అవుతున్నాయని అదీ మానేశాను. దిండులో మొహం పెట్టి పాడి చూశాను. ఊపిరాడక లేచి కూర్చుంటే నా మీద నాకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కోహీర్ దిక్కు చివరి ఇంటిదాకా చేరిన గొంతు దూదిలో ఇంకిపోతున్నది. వాడకపోతే గొంతు పాడవుతుందని భయపడి ఉప్పునీళ్లు పుక్కిలించేవాణ్ణి.

మా బిడ్డకు ఈ బాధ లేదు. బడిలో కళ్లు మూసుకుని నిమిషం మౌనంగా ఉండటం నేర్పారు. అన్నం ముందు అలాగే కూర్చునేది. ఒకరోజు అడిగింది. "నాయినా, ఊళ్లె గట్టిగ ఎందుకు మొత్తుకుంటుంటిరి? దేవునికి చెవుడా?"

నా భార్య పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ కంప్లైంట్ ఇచ్చింది కోహీర్ అతనే అని నేను నిశ్చయించుకున్నాను. మా కిందనే ఉంటాడు, పాట అందరికన్నా అతనికే వినపడుతుంది, వేరే విశ్వాసం, తనే ఇచ్చి తనే నీతి చెప్పడానికి వచ్చాడు అనుకున్నాను. అతను మెట్ల మీద "సలాం పంతులు సాబ్" అంటే తల తిప్పుకునేవాణ్ణి. పండుగకు అతని భార్య గిన్నెతో సేమియా పంపితే తిరిగి ఉత్త గిన్నె పంపాను. మా దిక్కు ఉత్త గిన్నె ఎవరూ పంపరు. ద్వేషం గురించి నాలుగు ఊళ్లలో వాక్యం చెప్పినవాణ్ణి, దాన్ని ఏడాదికి పైగా చక్కగా పెంచుకున్నాను. మాట్లాడే పని లేని మనిషికి అదొక పని అయింది.

రెండో ఏడు సగం గడిచాక ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. దేవునితోని అలిగినవా అని అడిగే ఆ సంఘపెద్ద చెప్పగా ఎవరో రాసినది. నా స్థలంలో ఇంకా ఎవరినీ వేయలేదని, అయ్యగారు కోతపండుగ దాకా చూస్తానన్నారని, అప్పటికి నేను రాకపోతే రాయికోడ్ దిక్కు నుంచి ఒక కుర్ర ఉపదేశిని తెచ్చి పెడతారని ఉంది. పొద్దున్నే పాట లేక జనం ఎండెక్కి లేస్తున్నారని కూడా రాయించాడు. ఆ మాట నాలుగుసార్లు చదివాను.

ఉత్తరం నా భార్యకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, "ఆఫీసోళ్లు మల్ల రెండేండ్లకు సంతకం చెయ్యమంటున్నరు," అన్నది.

"ఏం చెప్పినవు?"

"చెప్పలే ఇంక. కాని చేద్దామనే ఉన్నది. ప్రసూతి వార్డు నా చేతికి ఇస్తమంటున్నరు."

"కోతపండుగకు పోకుంటే నా జాగ పోతది."

"ఇంకో జాగ ఇస్తరు. నీ గొంతుకు జాగ దొరకదా?" అన్నది. మెచ్చుకుంటున్నట్టే అన్నది. నాకు మాత్రం మంట పుట్టింది. ఆ గొంతు ఏడాదిన్నరగా దిండులో ఉంది.

మర్నాడు ఇద్దరూ వెళ్లిపోయాక ఒక ఆలోచన వచ్చింది. వచ్చింది అంటే అబద్ధం. అది చాలా రోజుల నుంచే ఉంది. ఇంకోసారి వినపడితే ముగ్గురినీ పంపిస్తారు. పంపిస్తే చాలు కదా. నేను ఎవరినీ అడగనక్కరలేదు, ఆమెతో వాదించనక్కరలేదు. పాడితే చాలు. దేవుణ్ణి స్తుతించడం తప్పెలా అవుతుంది? ఈ చివరి ప్రశ్న వేసుకున్నప్పుడే అది స్తుతి కాదని నాకు తెలుసు.

ఏసీ ఆపాను. కిటికీ తీశాను. పాడాను. గొంతు మొదట గీరుకుంది, రెండో చరణానికి తెరుచుకుంది. మూడు పాటలు, ఒకదాని వెంట ఒకటి. ఎదుటి మేడలో ఎవరో తెర తొలగించి చూశారు. పాడటం అయ్యాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

మూడింటికి నా భార్య వచ్చింది. కాళ్లు నొప్పులని చెప్పి కూర్చుంది. ఆ రోజు కవలలు పుట్టారని, తల్లి తన చెయ్యి వదల్లేదని, డాక్టరు కూడా తననే అడిగి చేశాడని సంతోషంగా చెప్పింది. ఆమె చెబుతుంటే నేను ఆమె మొహం వంక చూడలేదు. రెండో రోజూ ఎవరూ రాలేదు. మూడో రోజూ రాలేదు. తలుపు మీద ఏ చప్పుడైనా కుర్చీలో నుంచి లేచేవాణ్ణి. వస్తే బాగుండుననీ, రాకుంటే బాగుండుననీ ఒకేసారి అనిపించేది. ఆ మూడు రోజులు ప్రార్థన చేయలేదు. ఏమని చేయాలి?

నాలుగో రోజు బిడ్డను బస్సు ఎక్కించి వస్తుంటే మెట్ల మీద కోహీర్ అతను ఎదురయ్యాడు. తప్పుకుపోబోయాను.

"పంతులు సాబ్, మొన్న మీ పాట ఇన్న," అన్నాడు. "శాన దినాలైంది."

ఇక దాచిపెట్టేది ఏముందని అడిగేశాను. "మరి ఆఫీసుల చెప్పలేదా?"

"నేనా? నేనెందుకు చెప్త?"

"పోయినసారి చెప్పినవు కద."

అతను చేతిలో సామాన్ల పెట్టె మెట్టు మీద పెట్టాడు. "అల్లా మాఫ్ చెయ్యాలె. ఆ దినం నేను అబద్ధం చెప్పిన సాబ్. కంప్లైంట్ గింప్లైంట్ ఏం లేకుండె. బయట పాడితే తక్లీఫే, అది నిజం. కాని మన బిల్డింగుల ఎవ్వరు ఏమన్లే. సిస్టరమ్మనే వచ్చి చెప్పమన్నది. భయపడుతుండె పాపం. 'నేను చెప్తే ఇనడు అన్నా, నువ్వు చెప్పు' అన్నది."

నేను అతని పెట్టె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"మీకు ఒక మాట చెప్తే నవ్వుతరు," అన్నాడు అతను, పక్కనే నిలబడి. "మీ పాటకే లేసి నేను నమాజుకు తయారైతుంటి. మీరు బంద్ చేసినంక అలారం గడియారం కొన్న. అది నెలకే చెడిపోయింది."

అతన్ని క్షమాపణ అడిగాను. దేనికో అతనికి అర్థం కాలేదు. సేమియా గిన్నె గురించి చెబితే, "అది మా ఇంటామెకు యాదికుంది, నాకు లేదు," అని నవ్వి పనికి పోయాడు.

మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారానికి ముందు, ఉపదేశి ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట అడగాలి: ఈ ఇంట్లో ఎవరికైనా ఎవరితోనైనా విరోధం ఉందా? ఉంటే ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాలి. ఎవరి తప్పు వాళ్లు నోటితో చెప్పాలి, అవతలివాడి తప్పు చెప్పకూడదు. సమాధానపడితేనే బల్ల దగ్గరికి రావాలి. గట్టు తగాదా పెట్టుకున్న బావాబామ్మర్దులను ఒకసారి పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా నా ఎదుటే నిలబెట్టాను. వాళ్లు చెమటలు కక్కుతుంటే నాకు ఓపిక ఎక్కువని గర్వపడ్డాను. నిలబడటం ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియదు.

శుక్రవారం ఆమెకు సెలవు. బిడ్డ పక్క గదిలో బొమ్మలకు రంగులు వేసుకుంటున్నది. నా భార్య వంటింట్లో పిండి కలుపుతున్నది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"నేను నాలుగు దినాల కింద కిటికీ తెరిచి పాడిన," అన్నాను. "దేవుని కోసం కాదు. ఆఫీసోళ్లు ఇని మనను ఎల్లగొడ్తరని పాడిన."

ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయి. కింది అతను చెప్పిన సంగతి నేను ఎత్తలేదు. అవతలివాళ్ల తప్పు చెప్పకూడదు. కాని ఆమెకు అర్థమైంది. ఆమె కూడా ఆ పద్ధతిలో పెరిగినదే.

"ఆయనతోని అబద్ధం చెప్పిచ్చింది నేనే," అన్నది.

ఇద్దరం చెప్పుకున్నాం. మనసుకు సమాధానం రావలసిన చోట రాలేదు. ఆమె పిండి కలపడం మొదలుపెట్టింది. బలంగా కలుపుతున్నది.

"ఎందుకు నాకే చెప్పకపోతివి?" అన్నాను.

"ఎప్పుడు ఇన్నవు? పంతులుకు పెండ్లాం చెప్తదా, పాడొద్దని? ఊరంత ఏమంటుండె?" తల ఎత్తలేదు. "నేను అబద్ధమాడింది మనం ముగ్గురం ఉండాలని. నువ్వు పాడింది నా నౌకరి పోవాలని. రెండు ఒక్క తప్పేనా?"

"నాకు ఈడ ఊపిరాడ్తలేదు."

"నాకు ఎరుక. దిండు మీద ఉమ్ము మరకలు ఎవరు ఉతుకుతున్నరు?" అని, గొంతు తగ్గించింది. "ఊర్ల పన్నెండేండ్లు ఉన్న. పంతులు పెండ్లాన్ని. ఎవరొచ్చినా అన్నం వండిన, ఏ ఊరికి పొమ్మంటే ఆ ఊరికి సామాను కట్టిన. దవాఖానల డ్యూటీ చేసొచ్చినంక. ఈడ నన్ను సిస్టర్ అంటరు. బిడ్డ అడ్డం తిరిగితే నన్నే పిలుస్తరు. నాకు గుడ ఒక పిలుపు ఉంటదని నీకు ఎన్నడన్న అనిపిచ్చిందా?"

పిలుపు అనే మాట మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో. అది నాకు వచ్చిందనీ, ఆమె దాని వెంట వచ్చిందనీ అనుకుని బతికాను. అనిపించలేదు. అదే నిజం గనక, "అనిపియ్యలేదు," అన్నాను.

ఆమె చేతులు కడుక్కుంది. సంచీలో నుంచి ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. తన పేరు, పాస్‌పోర్టు నంబరు, బిడ్డ పేరు అప్పటికే రాసి ఉన్నాయి. మూడో పేరు రాసే గీత ఖాళీగా ఉంది.

"నేను సంతకం చేస్త," అన్నది. "బిడ్డ నా దగ్గరనే ఉంటది. నువ్వు పోత అంటే నీ పాస్‌పోర్టు అడుగుత, ఇస్తరు. కోతపండుగకు అందుకుంటవు. నేను ఏమనుకోను." కలం మూత తీసింది. "అనుకుంట. కాని ఆపను. పేరు రాయాల్నా, వద్దా?"

ఏడాదిన్నరగా తలుపు తెరవమని దేవుణ్ణి అడుగుతున్నాను. తెరిచింది ఆమె. తెరిచాక అవతల ఏముందో చూశాను: నాలుగు ఊళ్లు, సైకిల్, పొద్దుటి పాట. విని లేచేవాళ్లలో ఆమె లేదు, బిడ్డ లేదు. అయినా మనసు అటే లాగింది. అబద్ధం ఎందుకు, చాలా బలంగా లాగింది. ఆ వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బావాబామ్మర్దుల కన్నా తక్కువే అయి ఉంటుంది.

"రాయి," అన్నాను.

ఆమె వెంటనే రాయలేదు. నా మొహం చూసి, "నా కోసం అంటున్నవా, దేవుని కోసం అంటున్నవా?" అని అడిగింది.

"తెల్వదు."

"సరే," అని కాగితం మీదికి వంగి, ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు ఒక్కొక్కటే రాసింది. రాయడం అయ్యాక కలం నాకు ఇచ్చి, ఆధారపడినవాడు సంతకం చేయవలసిన చోటు వేలితో చూపించింది. నేను చేశాను. రాయికోడ్ కుర్ర ఉపదేశి గొంతు ఎలా ఉంటుందో అనుకుంటూనే చేశాను.